నాడులకు కళ్ళెము: నిరోధక గ్రాహకములు

మోచేతిని మడచుటకు దండచేతి ముందువైపు కండరము ముడుచుకొనవలెను. ఇది అందరికిని తెలిసిన సంగతియే. కాని అదే క్షణమున వెనుకవైపు కండరము సడలవలెనన్న సంగతి అంతగా తోచదు. అదికూడ బిగిసినచో చేయి కట్టెవలె నిలిచిపోవును. మడచుటకు రాదు, చాచుటకు రాదు. నడచుట, మ్రింగుట, మాటలాడుట, ఊపిరి పీల్చుట మున్నగు ప్రతి పనియందును కొన్ని కండరములకు పనిచేయుమను ఆజ్ఞయు, మరికొన్నింటికి ఊరకుండుమను ఆజ్ఞయు ఒకేసారి పోవుచుండవలెను.

నాడీమండల మనగానే ఆజ్ఞలను మోసికొనిపోవు తంతివ్యవస్థ మనస్సునకు తట్టును. ఆజ్ఞ వచ్చిన పని జరుగును, రానిచో జరుగదు, అంతే గదా అనిపించును. కాని వాస్తవమట్లు లేదు. ఆపుట కూడ ఒక పనియే. దానికై ప్రత్యేక నాడీకణములు, అవి వెలువరించు ప్రత్యేక ద్రవ్యములు, ఆ ద్రవ్యములను అందుకొను ప్రత్యేకమైన మాంసకృత్తులు కలవు. ఈ మాంసకృత్తులకే నిరోధక గ్రాహకములని పేరు. ఇవి చెడినపుడు మనుష్యుడు మందగించి పడియుండడు; వెఱ్ఱిగా బిగిసికొని కొట్టుకొనును. ధనుర్వాతము, ముష్టివిషము, మూర్ఛ అను మూడింటియందును కనిపించునది ఈ కళ్ళెము సడలిన నాడీమండలమే.

మొదటి ఆధారములు

నాడి పనిని పుట్టించుటయే కాక ఆపగలదని మొట్టమొదట తెలిపినది గుండె. 1845లో జర్మనీ దేశీయులగు వేబర్ సోదరులు మెదడునుండి గుండెకు పోవు వాగస్ నాడిని విద్యుత్తుతో ప్రేరేపించిరి. గుండె వేగము హెచ్చుటకు మారుగా తగ్గి, తుదకు కొట్టుకొనుటయే నిలిచిపోయెను. నాడిని కదలించినచో అవయవము పనిచేయునని మాత్రమే తలచుచుండిన వారికి ఇది వింతగా తోచెను.

తరువాత రష్యా శాస్త్రజ్ఞుడు సెచెనోవ్ 1863లో మరియొక ప్రయోగమును ప్రకటించెను. కప్ప కాలిని పలుచని ఆమ్లములో ముంచినచో అది కొంతసేపటికి కాలిని పైకి లాగికొనును. ఇది వెన్నుపాము చేయు ప్రతీకార చర్య. మెదడులో ఒకానొక తావున ఉప్పుకల్లు నుంచినపుడు కప్ప కాలిని లాగికొనుటకు పట్టు కాలము పెరిగెను. అనగా మెదడు తన క్రిందనున్న వెన్నుపామును అదుపులో పెట్టగలదని తేలెను.

ఈ విషయమును క్రమబద్ధముగ పరిశోధించినవాడు ఇంగ్లండు దేశీయుడగు షెరింగ్టన్. ఒక కండరమును ముడుచు సమాచారమే దాని ఎదుటి కండరమును సడలించుననియు, ఈ సడలింపు కండరములో గాక వెన్నుపాములో నిర్ణయమగుచున్నదనియు ఆయన చూపెను. 1932లో ఆయనకు ఏడ్రియన్‌తో కలిపి నోబెల్ బహుమానము లభించెను.

వైద్యుడు మోకాలిచిప్ప క్రింద రబ్బరు సుత్తితో తట్టునపుడు జరుగునది ఇందుకు చక్కని ఉదాహరణము. తొడ ముందువైపు కండరము సాగినదన్న వార్త జ్ఞాననాడి ద్వారా వెన్నుపామును చేరును. అచ్చట ఆ నాడి రెండు శాఖలగును. ఒక శాఖ తొడ ముందు కండరమును నడపు చాలక నాడీకణమును నేరుగ ఉత్తేజపరచును; కాలు ఎగురును. రెండవ శాఖ నడుమనున్న ఒక చిన్న నాడీకణమును ప్రేరేపించును. ఆ చిన్న కణము తొడ వెనుక కండరమును నడపు నాడీకణమును అణచును. ఈ రెండవ పని జరుగనిచో రెండు కండరములును ఒకదానితో నొకటి పెనగులాడును.

ఇచ్చట ఒక చిక్కుప్రశ్న ఎదురగును. నాడీతంతువులలో పరుగెత్తు విద్యుత్ స్పందనములన్నియు ఒకే తీరుగ నుండును. చేయుమని చెప్పు నాడిలోని స్పందనమునకును, వలదని చెప్పు నాడిలోని స్పందనమునకును భేదము లేదు. మరి వాటిని అందుకొను కణమునకు భేదమెట్లు తెలియుచున్నది?

లోపలి విద్యుత్తు

నాడీకణమును సన్నని త్వచము ఆవరించి యుండును. కణము విశ్రాంతిగా నున్నపుడు దాని లోపలిభాగము వెలుపలికంటె సుమారు 70 మిల్లీవోల్టులు ఋణముగ నుండును. ఏ కారణముచేతనైనను ఈ ఋణత్వము తగ్గి సుమారు 55 మిల్లీవోల్టులకు వచ్చినచో ఆ కణమునుండి స్పందనము బయలుదేరును. ఉత్తేజపరచుట యనగా కణమును ఈ హద్దు వైపునకు త్రోయుట.

అణచుట యనగా నేమో 1951లో న్యూజిలండులోని డునెడిన్ నగరమున తేలెను. ఎక్ల్స్, ఆయన సహచరులగు బ్రాక్, కూంబ్స్ అనువారు పిల్లి వెన్నుపాములోని చాలక నాడీకణము లోనికి అతిసన్నని గాజునాళికను చొప్పించి లోపలి విద్యుత్తును కొలిచిరి. ఒక నాడినుండి మరియొక నాడికి వార్త విద్యుత్ప్రవాహముగానే పోవుననియు, రసాయన ద్రవ్యముల ప్రమేయము లేదనియు అంతవరకు గట్టిగా వాదించినవారిలో ఎక్ల్స్ ముఖ్యుడు. ఆయన సిద్ధాంతము నిజమైనచో నిరోధక నాడిని ప్రేరేపించినపుడు కణములోపల ధనత్వము కనిపింపవలెను. తీరా చూడగా లోపలిభాగము ఇంకను ఋణమయ్యెను. ఎక్ల్స్ తన వాదమును వదలుకొని రసాయన సిద్ధాంతమును అంగీకరించెను. 1963లో నోబెల్ బహుమానమును హాజ్‌కిన్, హక్స్‌లీలతో పంచుకొనెను.

కణము లోపల ఋణత్వము పెరుగుటకు ముఖ్యకారణము క్లోరైడు అయానులు. ఋణావేశము గల ఈ అయానులు కణము వెలుపల హెచ్చుగను, లోపల తక్కువగను ఉండును. నిరోధక వార్త వచ్చినపుడు త్వచములో క్లోరైడుకు మాత్రమే తగిన ద్వారములు తెరచుకొనును. అయానులు లోనికి ప్రవేశించి, కణమును స్పందించు హద్దునుండి దూరముగ లాగును. ఒక్కొక్కప్పుడు లోపలి విద్యుత్తు ఏమాత్రము మారకపోవచ్చును. అయినను నిరోధము జరుగును. అడుగున తూము తెరచియున్న తొట్టిలో ఎంత నీరు పోసినను మట్టము పెరుగనట్లే, ఈ ద్వారములు తెరచియున్నంతసేపు ఉత్తేజక వార్తలు తెచ్చిన విద్యుత్తు కణములో నిలువదు.

దూతలు ఇద్దరు

ఈ ద్వారములను తెరచు ద్రవ్యములలో ముఖ్యమైనవి రెండు. మొదటిది గామా ఆమినో బ్యుటిరిక్ ఆమ్లము. దీనిని క్లుప్తముగ గాబా అందురు. ఇది మెదడులో విశేషముగ నున్నదని 1950లో రాబర్ట్స్, ఫ్రాంకెల్ అనువారు ప్రకటించిరి. అప్పటికి దాని పని ఏమో ఎవరికిని తెలియదు. 1957లో ఫ్లోరీ, ఆయన సహచరులు మెదడునుండి తీసిన ఒక నిరోధక ద్రవ్యము గాబాయే అని గుర్తించిరి. పిమ్మట సముద్రపు పెద్దరొయ్య జాతికి చెందిన లాబ్‌స్టరు నిరోధక నాడులు గాబాను వెలువరించుట 1966లో రుజువయ్యెను. రెండవ ద్రవ్యము గ్లైసిను. ఆమినో ఆమ్లములన్నిటిలో చిన్నదగు ఇదియే వెన్నుపాములో నిరోధక దూతయని 1965లో ఆప్రిసన్, వెర్మన్ సూచించిరి.

గాబా పుట్టుక చిత్రమైనది. మెదడులో ప్రధానమైన ఉత్తేజక ద్రవ్యము గ్లుటమేటు. దానినుండి ఒక బొగ్గుపులుసు వాయువు అణువును తొలగించినచో మిగులునది గాబా. ఉద్రేకపరచు ద్రవ్యమే ఇంత చిన్న మార్పుతో శాంతింపజేయు ద్రవ్యమగుచున్నది. ఈ మార్పు చేయు ఎంజైమునకు విటమిను బి6 తోడ్పాటు కావలెను. 1950 దశకము ఆరంభమున అమెరికాలో ఈ విటమిను చాలని డబ్బాపాలు త్రాగిన కొందరు పసిపిల్లలకు మూర్ఛలు వచ్చినవి. విటమిను ఇచ్చినంతనే అవి తగ్గినవి.

అయితే దూతయే సర్వమును నిర్ణయించునని తలపరాదు. 1921లో లోవీ కప్ప గుండెలతో చేసిన ప్రయోగమువలన వాగస్ నాడి ఒక ద్రవ్యమును వెలువరించి గుండెను నెమ్మదింపజేయునని తెలిసెను. ఆ ద్రవ్యము అసిటైల్‌కోలిను. ఈ అసిటైల్‌కోలినే చేతి కండరమును చేరినపుడు దానిని ముడుచును. వార్త ఒకటే, ఫలితములు రెండు. గుండెలోని గ్రాహకము వేరు, చేతి కండరములోని గ్రాహకము వేరు అగుటయే ఇందుకు కారణము. వార్తకు అర్థమిచ్చునది గ్రాహకమే గనుక దాని నిర్మాణమును తెలిసికొనవలసి వచ్చెను.

గ్రాహకము నిర్మాణము

గాబాను అందుకొను గ్రాహకములు రెండు తెగలు. మొదటి తెగకు గాబా-ఎ అని పేరు. ఇదియు గ్లైసిను గ్రాహకమును ఒకే వంశమునకు చెందినవి. రెండింటియందును ఐదు మాంసకృత్తు ఖండములు కలవు. పీపాలోని బద్దలవలె ఈ ఐదును గుండ్రముగ నిలిచి నడుమ ఒక సన్నని మార్గమును ఏర్పరచును. ప్రతి ఖండమున సగమునకు పైగా కణము వెలుపలికి పొడుచుకొని యుండును. దూతను అందుకొనునది ఈ భాగమే. దాని దిగువ ఖండము త్వచమును నాలుగుసార్లు దాటును. ఈ నాలుగింటిలో రెండవ మెలిక నడిమి మార్గమునకు గోడయగును. మార్గములోపల నెలకొన్న ధనావేశము క్లోరైడును రానిచ్చి, సోడియము, పొటాసియముల వంటి ధనఅయానులను అడ్డగించును.

చేతి కండరములోని అసిటైల్‌కోలిను గ్రాహకము కూడ ఈ వంశములోనిదే. దాని మార్గము మాత్రము ధనఅయానులను లోనికి విడిచి కణమును ఉత్తేజపరచును. మెదడులో నుండు ఇట్టి గ్రాహక మొకదాని మార్గమున కొద్ది ఆమినో ఆమ్లములను మార్చినంతనే అది ఋణఅయానులను విడుచు గ్రాహకమైనదని 1992లో రుజువుచేసిరి. ఉత్తేజమునకును నిరోధమునకును నడుమనున్న అంతరము అంత స్వల్పము.

మానవునిలో గాబా-ఎ ఖండములను నిర్మించు జన్యువులు 19 కలవు. మెదడులో తరచుగా కనిపించు గ్రాహకములో ఆల్ఫా ఖండములు రెండు, బీటా ఖండములు రెండు, గామా ఖండము ఒకటి ఉండును. బీటా, ఆల్ఫా ఖండములు కలియు సందులలో గాబా చేరుటకు రెండు స్థానములు కలవు. గాబా అణువులు వచ్చి ఆ సందులలో కుదురుకొనగానే వెలుపలి భాగము కొద్దిగా మెలితిరుగును. ఆ కదలిక క్రిందికి ప్రాకి, మార్గమును మూసియున్న గోడలను ఎడముచేయును. ఇదంతయు జరుగుటకు సెకండులో వెయ్యవ వంతు ఏ కొద్దిగనో పట్టును. గాబా తొలగగానే ద్వారము మూసికొనును.

గ్లైసిను గ్రాహకములో ఆల్ఫా, బీటా ఖండములు మాత్రమే కలవు. బీటా ఖండమును కణము లోపలనున్న గెఫిరిన్ అను మాంసకృత్తు పట్టియుంచును. గ్రీకుభాషలో వంతెనకు గల పేరునుండి దీనికా పేరు వచ్చినది. గ్రాహకములు త్వచముపై ఎటుపడిన అటు కొట్టుకొనిపోక, నిరోధక నాడి కొసకు సరిగ ఎదురుగ నిలుచుటకు ఈ వంతెనయే ఆధారము.

ఈ రెండు గ్రాహకముల జన్యు నిర్మాణము 1987లో తెలిసెను. గాబా-ఎ వర్గపు గ్రాహకము యొక్క స్ఫటిక నిర్మాణము 2014లోను, గ్లైసిను గ్రాహకపు ఆకృతి ఎలెక్ట్రాను సూక్ష్మదర్శిని ద్వారా 2015లోను బయటపడినవి.

ముష్టిగింజ, కాకమారి, ధనుర్వాతము

ఈ గ్రాహకముల చరిత్రలో తెలుగువారికి బాగుగ తెలిసిన ముష్టిచెట్టునకు ముఖ్యస్థానము కలదు. తూర్పు కనుమల అడవులలో పెరుగు ఈ చెట్టు గింజలలో స్ట్రిక్నీన్ అను విషము కలదు. పెల్తియే, కావాంతూ అను ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞులు ఈ విషమును 1818లో వేరుచేసిరి. ఇది గ్లైసిను కూర్చుండవలసిన సందులో తాను కూర్చుండి ద్వారమును తెరువనీయదు. వెన్నుపాములో నిరోధము నశించును. చిన్న శబ్దమైనను, తేలికగ తాకినను శరీరమంతయు బిగిసికొనును. మెదడు చాలవరకు స్వాధీనములోనే యుండుటచే రోగికి తెలివి తప్పదు. బాధయంతయు తెలియుచునే యుండును. ఊపిరితీయు కండరములు బిగిసిపోయి మరణము కలుగును.

ఈ విషమే శాస్త్రమునకు పనిముట్టయ్యెను. స్ట్రిక్నీన్ గ్లైసిను గ్రాహకమును గట్టిగా పట్టుకొనును గనుక, దానినే గాలముగ నుపయోగించి 1982లో జర్మనీలో బెట్జ్, ఆయన సహచరులు వెన్నుపామునుండి ఆ గ్రాహకమును శుద్ధరూపమున వెలికితీసిరి.

చేపలను మత్తెక్కించుటకు వాడు కాకమారి గింజలలోని పిక్రోటాక్సిన్ మరియొక విధముగ పనిచేయును. అది దూత స్థానమున కూర్చుండదు; గాబా-ఎ గ్రాహకము నడిమి మార్గములో ఇరుకుకొని క్లోరైడును పోనీయదు. తాళము చెడగొట్టుట మొదటి పద్ధతియైన, గుమ్మమునకు అడ్డుపడుట రెండవ పద్ధతి. రెండింటి ఫలితమును ఈడ్పులే.

ధనుర్వాతములో గ్రాహకమునకు ఏ లోపమును లేదు. గాయములో పెరిగిన సూక్ష్మజీవి విషము చాలక నాడుల వెంట వెన్నుపామునకు ప్రాకి నిరోధక నాడుల కొసలలో ప్రవేశించును. అచ్చట గాబా, గ్లైసినులను వెలువరించుటకు అవసరమగు సినాప్టోబ్రెవిన్ అను మాంసకృత్తును కత్తిరించివేయును. ఇది 1992లో బయల్పడెను. గ్రాహకములు సిద్ధముగనే యుండును, దూత రాడు. శరీరములోని కండరములన్నియు ఒక్కసారి బిగిసినపుడు బలమైన వీపు కండరములది పైచేయి యగుటచే దేహము విల్లువలె వంగును. వ్యాధికి ధనుస్సు పేరు పెట్టిన పూర్వులు లక్షణమును సరిగనే చూచిరి.

గ్రాహకమునందే పుట్టుకతో లోపము గలవారు కూడ అరుదుగ కలరు. గ్లైసిను గ్రాహకపు ఆల్ఫా ఖండమును నిర్మించు జన్యువులో దోషమున్న శిశువు చిన్న చప్పుడునకే అమితముగ ఉలికిపడి కొయ్యబారిపోవును. ఈ కారణము 1993లో తెలిసెను.

మందులు పనిచేయు చోటు

కళ్ళెమును సడలించు విషములున్నట్లే బిగించు మందులును కలవు. 1912నుండి మూర్ఛరోగమునకు వాడుచున్న ఫినోబార్బిటాలు, 1963లో వాడుకలోనికి వచ్చిన డయాజిపాము, శస్త్రచికిత్సలో మత్తు కలిగించు ప్రొపొఫాలు, ఇవన్నియు గాబా-ఎ గ్రాహకముపైననే పనిచేయును. కాని ఒకే చోట కాదు. డయాజిపాము ఆల్ఫా, గామా ఖండముల నడుమ సందులో చేరును. తానై ద్వారమును తెరువదు. గాబా వచ్చినపుడు ద్వారము మరిన్ని మారులు తెరచుకొనునట్లు చేయును. ఫినోబార్బిటాలు వర్గపు మందులు ద్వారము తెరచియుండు కాలమును పెంచును. మోతాదు మించినచో గాబా లేకున్నను ద్వారమును తెరచి ఊపిరిని ఆపగలవు. అందుచేతనే వీటిలో మొదటి వర్గము రెండవదానికంటె అపాయము తక్కువైనది. సారాయి కూడ గాబా నిరోధమును హెచ్చించును గనుక దానితో కలిసినపుడు ఏ వర్గపు మందైనను ప్రాణాంతకము కావచ్చును.

గాబా-బి అను రెండవ తెగ గ్రాహకము తీరు వేరు. ఇందులో అయానులకు మార్గము లేదు. జంటగా కూడిన రెండు మాంసకృత్తులు, ఒక్కొక్కటి త్వచమును ఏడుసార్లు దాటుచు, గాబా వచ్చిన వార్తను లోపలి మధ్యవర్తి మాంసకృత్తులకు అందించును. అవి వేరుగనున్న పొటాసియము ద్వారములను తెరపించును. ఈ నిరోధము ఆలస్యముగ మొదలై ఎక్కువసేపు నిలుచును. వెన్నుపాము దెబ్బతిని కండరములు బిగుసుకొన్నవారికి ఇచ్చు బాక్లోఫెను ఈ గ్రాహకముపై పనిచేయు మందు.

పసికందు మెదడు

గ్రాహకము సరిగనున్నను నిరోధము తప్పనిసరి కాదని పసిజంతువుల మెదడు నేర్పినది. ఎక్ల్స్ బృందమువారు 1955లోనే నాడీకణము లోనికి క్లోరైడును ఎక్కించి చూచిరి. అప్పుడు నిరోధక నాడిని ప్రేరేపింపగా ఋణత్వము పెరుగుటకు మారుగా తగ్గెను. ద్వారము తెరచినపుడు అయానులు లోనికి గాక వెలుపలికి పోవుటయే కారణము. అప్పుడే పుట్టిన ఎలుకపిల్ల మెదడులో ఈ స్థితి సహజముగనే యున్నదని బెన్-ఆరీ బృందము 1989లో చూపెను. అచ్చట గాబా ఉత్తేజక ద్రవ్యముగ పనిచేయుచున్నది. పెరిగిన కణములో క్లోరైడును ఎప్పటికప్పుడు బయటికి తోడు మాంసకృత్తు ఒకటి కలదు. అది తగినంతగ ఏర్పడిన తరువాతనే గాబాకు శాంతింపజేయు శక్తి వచ్చును. నవజాత శిశువుల మూర్ఛలు కొన్ని ఫినోబార్బిటాలునకు లొంగకుండుటకు ఇదియు ఒక కారణము కావచ్చునని శాస్త్రజ్ఞులు కొందరు తలచుచున్నారు.

కావున నిరోధమునకు నాలుగు అంగములు కావలెను: దూత వెలువడవలెను, గ్రాహకము దానిని అందుకొనవలెను, మార్గము తెరచుకొనవలెను, కణము లోపల క్లోరైడు తక్కువగ నుండవలెను. ధనుర్వాతము మొదటిదానిని, ముష్టివిషము రెండవదానిని, కాకమారి మూడవదానిని చెరచును. నాల్గవది పసితనమున పూర్తిగ ఏర్పడియుండదు. ఎచ్చట తెగినను పైకి కనిపించు ఫలితము అదుపులేని ఉద్రేకమే.

దీనినుండి ఇంటింటికి పనికివచ్చు సంగతులు రెండు తేలుచున్నవి. మూర్ఛకు ఇచ్చు మందులను నెలల తరబడి తీసికొన్నపుడు మెదడు వాటికి అలవాటుపడును. జబ్బు కనిపించుట లేదని వాటిని ఒక్కసారి మానినచో అణగియున్న ఉద్రేకము ఇనుమడించి, విడువని మూర్ఛలు రావచ్చును. మోతాదును తగ్గించుట వైద్యుని సలహాపై, క్రమక్రమముగ జరుగవలెను. ఇక ధనుర్వాత విషము ఒకసారి నాడిలో ప్రవేశించిన పిమ్మట దానిని వెలికితీయు మందు లేదు. తెగిన మాంసకృత్తు మరల ఏర్పడువరకు, వారముల తరబడి, రోగిని కాపాడుకొనుటయే చికిత్స. టీకా వేసినచో ఆ విషము నాడిని చేరకముందే నెత్తురులో నశించును. గర్భిణీ స్త్రీలకు టీకాలు వేయుటవలనను, ప్రసవమున శుభ్రత పాటించుటవలనను తల్లులలో, నవజాత శిశువులలో ధనుర్వాతము భారతదేశమున ప్రజారోగ్య సమస్యగ తొలగినదని 2015లో ప్రకటింపబడెను. సూక్ష్మజీవి మాత్రము నేలలో ఎప్పటివలెనే యున్నది. కనుక గాయమైన ప్రతివారును టీకా సంగతి విచారించుకొనుట అవసరము.